తొమ్మిదిన్నర వేళ్ల నోటుపుస్తకం

ఇంగ్లీషులో నాకు తెలిసిన అక్షరాలు సరిగ్గా ఇరవై ఆరు. ఒక్కొక్కటీ విడిగా ఎదురైతే పలకరించి మంచీ చెడూ కూడా అడగగలను గాని, ముగ్గురో నలుగురో కలిసి జట్టుగా వచ్చారంటే మాత్రం, కట్టెల మోపుతో అడవి దారిన వస్తూ చెక్‌పోస్టు చూసినవాడిలా, చేసిన తప్పేమిటో తెలియకపోయినా నా కాళ్లు తడబడతాయి. ఎనిమిదో తరగతీ నేనూ ఒకరికొకరం సరిపడమని చండ్రుగొండ బడిలో తేల్చుకుని విడిపోయినవాళ్లం. అది నన్ను మళ్లీ పిలవలేదు, నేనూ దాని గుమ్మం తొక్కలేదు. కాబట్టి ఈ భయానికి బడిని తప్పుపట్టను.

పోయిన వారం ఆ భయం మళ్లీ వచ్చింది. చాలా ఏళ్ల కిందట నేను సొంతంగా రాసిన ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. ఏ కూలీ ఏ షిఫ్టుకు ఏ గేటు దగ్గరికి రావాలో చెప్పే జాబితా అది. ఇప్పటికీ ఒక కాంట్రాక్టరు ఆఫీసులో వాడుతున్నారు. వాళ్లు కొత్త కంప్యూటరు కొనేసరికి అది కదలనని మొండికేసింది. ఈ కాలపు పిల్లలకు తెలుస్తుంది కదా అని, ప్రోగ్రాములు రాసేవాళ్లు కూడే ఒక ఆన్‌లైన్ గ్రూపులో నా గోడు రాసుకున్నాను. మన తరం వాళ్లం కదా, నమస్కారంతో మొదలుపెట్టి, ఉత్తరం రాసినట్టు ఒక పేజీ రాశాను. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఎన్, జీ, ఎమ్, ఐ. నాలుగు అక్షరాలు, పక్కన కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వుతున్న పసుపు ముఖం. అంతే.

ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకునే మా కోడలిని అడిగాను. తన కంప్యూటరు నుంచి తల ఎత్తకుండానే, "నీ వల్ల కాదు, వదిలెయ్ అని దానర్థం మామయ్యా. ఎవరన్నరు?" అంది. ఎవరో ఎవరినో అన్నారులే అని చెప్పి ఇవతలికి వచ్చాను. అబద్ధం చెప్పానని ఆ పిల్లకు తెలిసిపోయినట్టుంది, కాసేపటికి అడగకుండానే టీ పెట్టి తెచ్చింది.

మరమ్మతు సామాన్లు మోసే నా సంచిలో, స్క్రూడ్రైవర్ల కింద, ఒక పొడుగు నోటుపుస్తకం ఉంటుంది. అట్ట ఎప్పుడో పోయింది, దానికి మా ఆవిడ నా పాత చొక్కా గుడ్డ అతికించి కుట్టింది. తెలియని అక్షరాల జట్టు ఏది ఎదురైనా అందులో రాసి, ఎదురుగా అర్థం రాసుకోవడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆ రోజు ఎన్‌జీఎమ్‌ఐ అని రాసి, ఎదురుగా 'నీ వల్ల కాదు' అని రాశాను. రాసి, మూసెయ్యకుండా వెనక్కి తిప్పుకుంటూ మొదటి పేజీ దాకా పోయాను. అదే నేను చేసిన పొరపాటు. ఆ పుస్తకంలో నా చదువంతా ఉంది. నా సిగ్గు కూడా అందులోనే ఉంది.

మొదటి పేజీలో మొదటి మాట పీటీడబ్ల్యూ.

మిరపతోటల్లో కూలికి పోతూ ఇరవై దాటినవాణ్ణి మా మేనమామ పాల్వంచ పక్కన ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పెట్టించాడు. ఆ ఫ్యాక్టరీ పేరు ఇప్పుడెందుకు, తప్పు దానిది కాదు. మీలో అటువైపు పని చేసినవాళ్లుంటే గుర్తుండే ఉంటుంది, అక్కడ మనిషి పర్మినెంటో కాంట్రాక్టో తెలుసుకోవడానికి గేటు పాసు చూడనక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు. పర్మినెంటు వాళ్లు అక్షరాల్లో మాట్లాడుకునేవారు. యంత్రానికి రెండక్షరాలు, దాని గదికి మూడు, దాన్ని చూసుకునే ఇంజనీరుకు నాలుగు. ఉండే క్వార్టరుకు కూడా ఒక అక్షరమే. మేమేమో పూర్తి మాటల మనుషులం. వేడి నీళ్ల గొట్టాన్ని వేడి నీళ్ల గొట్టమనే అనేవాళ్లం. మాలో ఒక ఆచారం ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు: పెద్దసారు అక్షరాల్లో ఏదైనా అడిగితే తల ఊపాలి. తెలియదంటే రేపటి నుంచి ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. మా మేనమామ మొదటి రోజే గేటు బయట నా భుజం మీద చెయ్యి వేసి, "సమజైనా కాకపోయినా తల ఊపు బిడ్డా, తరువాత మెల్లగ ఎవర్నన్న అడుగుదువు గాని" అని నేర్పాడు. ఆయన పాతికేళ్లు తల ఊపి, వేళ్లన్నీ ఉన్న చేతులతోనే పని మానేశాడు. అదృష్టవంతుడు.

ఒకరోజు పొద్దున బెల్టు దగ్గర ఇరుక్కున్న రాయిని తీయమన్నారు. కొత్తగా వచ్చిన ఇంజనీరు పైమెట్ల మీంచి, పీటీడబ్ల్యూ వచ్చిందా అని అరిచాడు. నేను తల ఊపాను. పక్కవాళ్లు నవ్వాలని కొంచెం ఎక్కువగానే, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా ఊపాను. బెల్టును ఆపి, మళ్లీ ఎవరూ నడపకుండా కరెంటుకు తాళం వేసి, ఇక మనుషులు చెయ్యి పెట్టొచ్చు అని ఇచ్చే కాగితం పేరు అదని నాకేం తెలుసు? నేను నవ్వించడం అయింది, రాయి మీద చెయ్యి పెట్టడం అయింది, బెల్టు కదలడం అయింది. ఎడమచేతి చూపుడువేలు సగం అక్కడే ఉండిపోయింది.

దవాఖానాలో నన్ను చూడటానికి వచ్చిన పర్మినెంటు మనిషి ఒక్కడే ఒక్కడు, మా సెక్షన్ ఫిట్టరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలనీలో స్థిరపడ్డ మనిషి, నేను బాబాయి అనేవాణ్ణి. అందరూ బత్తాయిలు తెస్తారు గదా, ఆయన ఒక పొడుగు నోటుపుస్తకం, పెన్ను తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని, మొదటి పేజీలో తన చేత్తో పీటీడబ్ల్యూ అని రాసి, దానర్థం తెలుగులో పూర్తిగా, నాలుగు వరుసల్లో రాశాడు. "తెలీనప్పుడు తల ఊపకు రా అబ్బాయ్. ఇందులో రాసుకో, సాయంత్రం క్వార్టర్‌కొచ్చి అడుగు, నే చెప్తా. ఫీజేం వద్దు గానీ, రేపు నిన్నెవడన్నా అడిగితే నువ్వూ ఇట్టాగే చెప్పు" అన్నాడు. నేను కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, ఇకనుంచి నన్ను తొమ్మిదిన్నర అని పిలవొచ్చు బాబాయి అన్నాను. ఆయన నవ్వలేదు. నా జోకుకు నవ్వనివాళ్లను నేను జీవితంలో ఎక్కువమందిని చూడలేదు, ఆయన మొదటివాడు.

వేలు పోయాక బెల్టు పని మాన్పించి, కాంట్రాక్టరు టైమాఫీసులో కూర్చోబెట్టారు. అక్కడికే కంప్యూటరు వచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటరుకు మన ఇంటి అల్లుడికి కూడా దక్కని మర్యాదలు ఉండేవి. చెప్పులు బయట విడవాలి, చల్లటి గది ఇవ్వాలి, సాయంత్రం పూలగుడ్డ కప్పాలి. గుమాస్తా దాన్ని ముట్టుకుంటే షాకు కొడుతుందని దూరంగా కూర్చునేవాడు. పోయేది ఇంకో సగం వేలేగదా అని నేను ముట్టుకున్నాను. సాయంత్రాలు ఫిట్టరు బాబాయి క్వార్టరు అరుగు మీద కూర్చుని, పుస్తకంలో అక్షరాలకు అర్థాలు అడిగేవాణ్ణి. ఆయనకు తెలియనివి వాళ్ల ఇంజనీర్లను అడిగి మరునాడు చెప్పేవాడు. ఒక్కసారి కూడా 'ఇదీ తెలియదా' అనలేదు. ఆ మాట అనకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తరువాత తెలిసింది.

మూడు నాలుగేళ్లలో షిఫ్టుల జాబితా ప్రోగ్రాము నేనే రాసేశాను. ఒక గేటు దగ్గర ఉన్నంతకాలం అది బంగారంలా నడిచింది. రెండో గేటు దగ్గర రెండో కంప్యూటరు పెట్టగానే కష్టం మొదలైంది. రెండుచోట్ల రాసిన జాబితాలను సాయంత్రం ఒకటిగా కలిపితే, ఒకదానిలో పేర్లు మాయమైపోయేవి. ఇద్దరు ఒకే రిజిస్టరుకు నకళ్లు తీసుకుపోయి, ఎవరికి వారు రాసుకొచ్చి, వెనక వచ్చినవాడు ముందు వచ్చినవాడి రిజిస్టరు చించేసి తనది పెట్టినట్టన్నమాట. పేరు మాయమైనవాడు పొద్దున అంత దూరం నుంచి వచ్చి గేటు బయట నిలబడిపోయేవాడు.

అప్పుడే ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. గీపెట్టే ఫోను లైను, చెక్క గదులు, గంటకింత అని గోడమీద రాత, మీకూ గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు దేశదేశాల నుంచి చేరి మాట్లాడుకునే చోట ఒకటి ఉందని తెలిసి, వచ్చీరాని ఇంగ్లీషులో నా కష్టం రాశాను. రాసి చూద్దును గదా, అది మా ఫ్యాక్టరీకి పెద్దన్నలా ఉంది. అందరూ పర్మినెంటు వాళ్లే, అన్నీ అక్షరాలే. ఓపీ ఏమంటున్నాడంటే, అని ఒకడు మొదలుపెడితే నన్ను దవాఖానాకు ఎందుకు పంపుతున్నారని కంగారుపడ్డాను, ప్రశ్న మొదట అడిగినవాణ్ణి అలా అంటారట. సీఐ ఎర్రగా ఉంది, ఎవరూ ఏమీ పంపకండి, అని ఇంకొకడు. మా వైపు సీఐ ఎర్రబడ్డాడంటే బజారంతా తలుపులు మూసుకుంటుంది. వాళ్లదేమో రాసిన ప్రోగ్రామును దానంతట అదే పరీక్షించే ఏర్పాటు. నాకు మాత్రం ఒక్కటే జవాబు పదిమంది ఇచ్చారు. ఆర్‌టీఎఫ్‌ఎం. ముందు పుస్తకం చదివి రా అని దానర్థం, మధ్యలో ఒక అక్షరం బూతు.

ఇక్కడ తల ఊపడానికి తల కూడా కనపడదు. నలభై రోజులు తిరిగాను. చివరికి ఏ దేశంవాడో, పేరు కూడా పూర్తిగా పెట్టుకోని మనిషి, అక్షరాలు లేకుండా, పిల్లవాడికి అన్నం కలిపి పెట్టినట్టు ఓపికగా చెప్పాడు. రిజిస్టరుకు రిజిస్టరు కలపకు, వరుసకు వరుస కలుపు. ప్రతి వరుసకూ విడిగా ఒక గుర్తు ఇవ్వు, రాసిన వేళ కూడా పక్కన వెయ్యి. నాలుగు మాటలు. నాలుగంటే నాలుగు. మరునాడు గేటు బయట ఎవరూ నిలబడలేదు.

ఆ నలభై రోజుల్లో నా పుస్తకంలో ఎన్నో పేజీలు నిండాయి. నిండినకొద్దీ నాలో ఏదో మారిందని నాకు తెలియలేదు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఫ్యాక్టరీ పని మానేసి, పాల్వంచ రోడ్డు మీద ప్రింటర్లు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాను. ఫోన్లలోకి ఇంటర్నెట్ వచ్చింది. తెలుగులో ప్రోగ్రాములు నేర్చుకునేవాళ్ల గ్రూపు ఒకటి పుట్టింది. అందులో తొమ్మిదిన్నర అన్న పేరుతో చేరాను. కొత్తగా వచ్చినవాళ్లు ప్రశ్న అడిగితే అక్షరాలతో వాయించి, మిగతావాళ్లను నవ్వించడంలో నన్ను మించినవాడు లేడని పేరు వచ్చింది. ఇంజనీరింగు చదివినవాళ్లు, నగరాల్లో పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్లు, ఎనిమిదో తరగతి వాడి జోకుకు పడీపడీ నవ్వేవారు. అన్నా, ఇవాళ ఇంకా ఎవరినీ ఏసుకోలేదేంది అని అడిగేవారు. ఆ అన్నా అన్న పిలుపు కోసం నేను ఏమైనా చేసేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు. నేను పర్మినెంటు అయ్యానన్నమాట.

అలాంటి రోజుల్లో, తునికాకు కోతలు నడుస్తుండగా, గ్రూపులోకి ఒక అమ్మాయి ప్రశ్న వచ్చింది. పాల్వంచకు ఆవల అడవిలో కోయ గూడెం నుంచి రాస్తున్నానంది. వాళ్లమ్మ ఆరోగ్య కార్యకర్త, చుట్టుపక్కల గూడేలు తిరిగి జ్వరం వచ్చినవాళ్ల వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క తీసి దవాఖానాకు పంపుతుంది. అక్కడి నుంచి మలేరియా ఉందో లేదో నంబరు వారీగా తిరిగి వస్తుంది. వానాకాలం జనం ఊళ్లో ఉండరు, పోడు చేలల్లో గుడిసెలు వేసుకుని ఉంటారు; ఏ నంబరు ఎవరిదో, ఆ మనిషి ఈ వారం ఏ గుట్ట కింద ఉన్నాడో తెలియకపోతే మందు చేరదు. దానికోసం ఈ అమ్మాయి ఫోనులో నడిచే చిన్న ప్రోగ్రాము రాసుకుంది. వాళ్లమ్మ ఫోనులో రాసినవీ, తోటి కార్యకర్త ఫోనులో రాసినవీ సిగ్నలు దొరికే గుట్ట ఎక్కి ఒకటిగా కలిపితే, ఒక ఫోనులోవి మాయమవుతున్నాయి. ఎట్లా ఆపాలి సార్, అని ప్రశ్న.

చదవగానే నాకు తెలిసిపోయింది. అది నా ప్రశ్నే. గేటు బయట నిలబడ్డ నా మనుషుల ప్రశ్నే. జవాబు నా పుస్తకంలో పేజీ మడిచి మరీ ఉంది, నాలుగు మాటలు.

నేనేం రాశానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆర్‌టీఎఫ్‌ఎం అని రాశాను. దాని కింద, చూస్తుంటే పీఈబీకేఏసీ కేసులా ఉంది, అని రాశాను. తప్పు ప్రోగ్రాములో లేదు, కుర్చీలో కూర్చున్న మనిషిలో ఉంది, అని దానర్థం. గ్రూపు గొల్లుమంది. పసుపు ముఖాలు వానచినుకుల్లా రాలాయి. ఆ అమ్మాయి, "సార్, ఇవి ఏందో నాకు ఎరుక లేదు. జర చెప్తరా? వానలు పడకముందే సరిచేసుకోవాలె" అని మళ్లీ రాసింది. ఇక అక్కడితో ఊరుకుని జవాబు చెబుదామనే అనుకున్నాను. అంతలో ఎవడో, అన్నా, ఇంకొకటి, అన్నాడు. టీఎల్‌డీఆర్ అని పెట్టాను. నువ్వు రాసింది మరీ పొడుగు, నేను చదవలేదు, అని. చదివాను. ప్రతి మాటా చదివాను.

నా జోకుకు వచ్చిన నవ్వుల కింద ఆమె ప్రశ్న కూరుకుపోయింది, ఇంకెవరూ దాన్ని పట్టించుకోలేదు. సాయంత్రానికి ఆమె గ్రూపులో లేదు. రేపు విడిగా మెసేజీ పెట్టి చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు నాకు రెండు వానాకాలాల తరువాత వచ్చింది.

అడవిలో ఒక ఉపకేంద్రంలో, అంటే నర్సమ్మలు కూర్చునే రెండు గదుల చిన్న దవాఖానాలో, ప్రింటరు పనిచేయడం లేదని కబురొస్తే సంచి తగిలించుకుని బస్సెక్కాను. అక్కడ వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని ఒక అమ్మాయి చేస్తోంది. వరండాలో మంచం మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది, ఆరోగ్య కార్యకర్తలు కట్టే ఆకుపచ్చ చీర, మోకాళ్ల మీద చేతులు. ప్రింటరు విప్పుతూ, అలవాటు చొప్పున, అమ్మా, దీనికి జ్వరమేమో, దీని వేలు కూడా గుచ్చి చూడకపోయినవా, అన్నాను. ఆమె నా వైపు చూసి, తరువాత కూతురి పెదవుల వైపు చూసింది. నవ్వలేదు. నా జోకుకు నవ్వని రెండో మనిషి.

"అమ్మకు ఇనబడదన్నా. రెండేండ్లాయె" అంది ఆ అమ్మాయి. నేను అడగకుండానే, వేరే పని చేసుకుంటూ, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆ ఏడు వానలకు జ్వరాలు ఎక్కువయ్యాయట. అక్కడికక్కడే చూసే కిట్లు అయిపోయి, అన్నీ గాజు పలకల మీదే పంపిన వారాలు. అందరి వేళ్లూ గుచ్చిన వాళ్లమ్మ, ఒళ్లు కాలుతుంటే తన వేలు కూడా తానే గుచ్చుకుని, ఫోనులో రాసుకుని, పలక పంపిందట. గుట్ట మీద రెండు ఫోన్లనూ కలిపినప్పుడు ఆ వారం వరుసలు మాయమయ్యాయి. మలేరియా ఉందని నంబరు వచ్చింది గాని ఆ నంబరు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. మనిషి ఎవరా అని గూడెం గూడెం వెతికినవాళ్లలో ఆమె కూడా ఉందట, జ్వరంతోనే, తన నంబరు కోసం తానే. జ్వరం తలకెక్కాక భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతే ప్రాణం దక్కింది, చెవులు దక్కలేదు.

"ఫోన్ల గ్రూపుల అడిగిన్నన్నా, వానలకు ముందుగాల్నే. తొమ్మిదిన్నర అని ఓ సారు ఉండె. తప్పు కుర్చీల కూసున్నోళ్లదే అన్నడు." ఆమె వాళ్లమ్మ కూర్చున్న మంచం వైపు చూపించింది. "మాకప్పుడు కుర్చి గూడ లేదు. ఇంట్ల గసొంటి మంచం మీదనే రాసిన."

నా ఎడమచెయ్యి ప్రింటరు లోపల ఉంది. అక్కడే ఉంచేశాను. ఆ చెయ్యి బయటకు తీయకుండా ఒంటిచేత్తో ప్రింటరు బిగించడం ఎంత కష్టమో, ఈ పని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తన ప్రోగ్రామును ఆ అమ్మాయే, ఎవరినీ అడగకుండా, నాలుగు నెలలు కూర్చుని బాగుచేసుకుందట. చూపించింది. తెర మీద నాలుగే నాలుగు మీటలు: రక్తం తీసినం, పంపినం, వచ్చింది, చెప్పినం. ఒక్కటంటే ఒక్క పొట్టి అక్షరం లేదు. వాళ్ల భాషలో కూడా అదే వరుస, కింద. బాగుందమ్మా, అన్నాను. వాళ్లమ్మ తెచ్చిన టీ కుడిచేత్తో తాగాను. సంచిలో నోటుపుస్తకం బరువు తెలుస్తూనే ఉంది. ఆ సారును నేనే, అన్న మాట గొంతు దాకా వచ్చింది. బస్సు కూడా వచ్చింది. నేను బస్సెక్కాను. ఆ గ్రూపులోంచి బయటికొచ్చేసి, ఆ పేరు తీసేసి, అదే పెద్ద ప్రాయశ్చిత్తమనుకుని ఇన్నేళ్లు గడిపాను.

ఇప్పుడు అనుకుంటే, మన రోజుల్లో తెలిసినవాడు తక్కువ, అడగడానికి నడవాల్సిన దూరం ఎక్కువ. అయినా ఆ దూరం నడిచి వెళ్తే ఒక అరుగు ఉండేది, దాని మీద ఒక మనిషి కూర్చుని ఉండేవాడు, అడిగినవాడి ముఖం ఆయనకు కనపడేది. ముఖం చూస్తూ నవ్వడం అంత తేలిక కాదు. ఇప్పుడు ప్రపంచమంతా జేబులోకి వచ్చింది గాని ఆ అరుగు రాలేదు. అయితే కాలం చెడిపోయిందని నిట్టూర్చే హక్కు నా తోటివాళ్లలో ఎవరికున్నా నాకు లేదు. ఫిట్టరు బాబాయి అడిగిన ఫీజు ఒక్కటే, నిన్నెవడన్నా అడిగితే నువ్వూ చెప్పమని. ఒక్క మనిషి అడిగింది. బాబాయి పోయి పదేళ్లు దాటింది. ఆ సంగతి తెలియకుండానే పోయాడని ఒక్కోసారి ఊరట, ఒక్కోసారి అదే బాధ.

ఎన్‌జీఎమ్‌ఐ అన్న కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. వాడు నా శిష్యుడే, చూడకుండా నేర్చుకున్నాడు. రెండు రోజులు దుకాణం తెరవలేదు. మూడోరోజు పొద్దున సంచి తగిలించుకుని మళ్లీ ఆ బస్సెక్కాను.

ఆ అమ్మాయి ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. చుట్టుపక్కల కార్యకర్తలందరికీ ఆ ప్రోగ్రాము నేర్పుతోందట, నేను వెళ్లేసరికి నలుగురైదుగురు ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒకామె ఏదో తెలియలేదని ఒకే ప్రశ్న మూడోసారి అడిగింది. మూడోసారీ మొదటిసారిలాగే చెప్పింది ఆ అమ్మాయి. వాళ్లు వెళ్లేదాకా వరండాలో వాళ్లమ్మ పక్కన కూర్చున్నాను. ఆ తల్లి నన్ను గుర్తుపట్టి, కూర్చున్న మంచం మీదే పక్కకు జరిగి చోటిచ్చింది. ఈసారి నాకు జోకేమీ తోచలేదు.

లోపలికి పోయి, బల్ల మీద ఎడమచెయ్యి పెట్టి, ఆ తొమ్మిదిన్నరను నేనేనమ్మా, అన్నాను.

"ఎరుకే అన్నా" అంది, ఆ చెయ్యి వైపు చూడకుండానే. "ప్రింటర్ బాగుజేయ వచ్చినప్పుడే సూసిన. మీరే చెప్తరేమోనని బస్సు దాక సూసిన."

సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. ఇది నా దగ్గర ఉండాల్సింది కాదమ్మా, నువ్వు నలుగురికి నేర్పుతున్నావు, నువ్వు ఉంచుకో, ఏ అక్షరానికి అర్థం కావాలన్నా ఇందులో ఉంది, అన్నాను. అని, ఊరుకుంటే నేనెందుకవుతాను, నా ఎనిమిదో తరగతి పుస్తకాలకంటే ఇదే బరువు, అని కూడా అన్నాను. ఆమె పేజీలు తిప్పింది. మొదటి పేజీలో ఫిట్టరు బాబాయి చేతిరాత దగ్గర కాసేపు ఆగింది. మడిచిన పేజీ దగ్గర, వరుసకు వరుస కలుపు అని రాసి ఉన్న చోట, ఇంకా ఎక్కువసేపు ఆగింది. తరువాత పుస్తకం మూసి, రెండు చేతులతో, పెద్దవాళ్లకు ఇచ్చినట్టు మర్యాదగా నా చేతికే తిరిగి ఇచ్చింది.

"గా అక్షరాలకు అర్థం నేను ఆ పొద్దే ఎతుక్కున్నన్నా, గదేం కష్టం గాలె. ఎరుకుండి గూడ మీరెందుకు నవ్విండ్రో, గదొక్కటే నాకిప్పటిదాంక దొరకలె. గది రాసుందా ఈ పుస్తకంల?"